పక్షవాతానికి గురైన పిల్లల్లో భాషాభివృద్ధి, ద్విభాషిత్వం

మెదడుకు రక్తాన్ని చేరవేసే నాళం పూడుకుపోవడం వల్ల గాని చిట్లిపోవడం వల్ల గాని మెదడులో కొంత భాగం దెబ్బతిని, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట పడిపోవడం వంటి లక్షణాలు కలిగే స్థితిని పక్షవాతం అంటారు. ఇది ముసలితనపు జబ్బుగా పేరుపడినప్పటికీ, తల్లి కడుపులో ఉన్న శిశువు మొదలుకొని బడి చదువు ముగించే వయసువారి వరకు ఎవరికైనా రావచ్చు. పూర్వం శిశు పక్షవాతమని వ్యవహరించిన పోలియో, వెన్నుపాములోని నాడీకణాలను దెబ్బతీసే వైరస్ వ్యాధి కనుక ఈ వ్యాస పరిధిలోకి రాదు. పెద్దవారికి వచ్చే పక్షవాతం అప్పటికే నేర్చి వాడుకలో ఉన్న భాషను దెబ్బతీస్తే, పిల్లలకు వచ్చేది ఇంకా నేర్చుకుంటున్న భాషను, కొన్ని సందర్భాల్లో ఇంకా మొదలే కాని భాషను తాకుతుంది. ఆ పిల్లలు పెరిగే ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో మరొకటి ఉన్నప్పుడు వైద్యులకు, ఉపాధ్యాయులకు, అందరికన్నా ముందు తల్లిదండ్రులకు ఒక సందేహం కలుగుతుంది: దెబ్బతిన్న మెదడు మీద రెండు భాషల బరువు మోపవచ్చునా? మెదడు దెబ్బతిన్న పిల్లల గురించి, రెండు భాషల్లో పెరిగే పిల్లల గురించి గత అరవై ఏళ్లలో వేర్వేరుగా సమకూరిన పరిజ్ఞానాన్ని కలిపి చూస్తే ఆ భయానికి ఆధారం కనిపించదు. తెలంగాణలోని భద్రాద్రి కొత్తగూడెం వంటి బహుభాషా జిల్లాలో, బిడ్డతో అమ్మ ఏ భాషలో మాట్లాడాలి, చికిత్స ఏ భాషలో జరగాలి అన్న నిర్ణయాలు ఈ పరిజ్ఞానం మీదే ఆధారపడవలసి ఉంది.

ప్రాంతపు భాషాస్థితి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా 2016 అక్టోబరు 11న పూర్వపు ఖమ్మం జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. జనాభాలో మూడో వంతుకు పైగా షెడ్యూల్డు తెగలవారే. వారిలో కోయలు, లంబాడీలు ఎక్కువ సంఖ్యలోనూ, కొండరెడ్లు, నాయకపోడులు తక్కువ సంఖ్యలోనూ ఉన్నారు. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, కరకగూడెం, పినపాక మండలాల గూడేల్లో వినిపించే కోయ, గోండికి దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ముకోయల మాటకు స్టీఫెన్ టైలర్ 1969లో వ్యాకరణం ప్రకటించాడు. 2011 జనగణనలో కోయను మాతృభాషగా నమోదు చేసుకున్నవారు దేశం మొత్తం మీద నాలుగు లక్షలు దాటారు. తెగలో చాలామంది అప్పటికే తెలుగులోకి మారిపోయారు. తండాల్లోని లంబాడీ ఇండో ఆర్య కుటుంబానికి చెందినది కనుక తెలుగుకు, కోయకు ఉన్న దగ్గరితనం దానికి తెలుగుతో లేదు. 2005 తరువాత మావోయిస్టు వ్యతిరేక సల్వాజుడుం కాలపు హింసకు తాళలేక దక్షిణ ఛత్తీస్‌గఢ్ నుంచి తరలివచ్చి అడవి అంచుల్లో గుడిసెలు వేసుకున్న గుత్తికోయల పిల్లల్లో చాలామంది మొదటిసారి తెలుగు వినేది అంగన్‌వాడీలోనో బడిలోనో.

గనుల ప్రాంతపు చరిత్ర ఇందుకు భిన్నమైనది. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందడం, 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీగా మారడం, ఆ తరువాత పాల్వంచలో థర్మల్ కేంద్రం, అశ్వాపురంలో భారజల కర్మాగారం, సారపాకలో కాగితపు మిల్లు వెలవడం వంటి పరిణామాలతో కోస్తా తెలుగు, తెలంగాణ తెలుగు, ఉర్దూ, హిందీ, ఒడియా మాట్లాడే కుటుంబాలు ఒకే కాలనీలో పక్కపక్కన చేరాయి. వీటన్నిటి మీద ఇంగ్లీషు వచ్చి చేరింది. 2022–23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు. అందువల్ల చర్ల మండలంలోని ఒక కోయ బిడ్డ ఆరేళ్లు వచ్చేసరికి ఇంట్లో కోయ, అంగన్‌వాడీలో తెలుగు, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు ఎదుర్కోవడం సర్వసాధారణం. ఇలాంటి చోట ఏకభాషా బాల్యమే అరుదు. ఏకభాషా శిశువునే సహజ ప్రమాణంగా తీసుకుని తయారైన పాశ్చాత్య వైద్య గ్రంథాల సూచనలను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడంలోనే మొదటి చిక్కు ఉంది.

కారణాలు, గుర్తింపు

గర్భంలో ఇరవయ్యో వారం నుంచి పుట్టిన ఇరవై ఎనిమిదో రోజు వరకు వచ్చే పక్షవాతాన్ని జననకాల పక్షవాతమని వేరుగా లెక్కిస్తారు. అంతర్జాతీయ అంచనాల ప్రకారం ఇది కొన్ని వేల జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తుంది. బాల్యం మొత్తంలో పక్షవాతపు ముప్పు ఇంత ఎక్కువగా ఉండే కాలం మరొకటి లేదు. భాషకు ఆధారమైన ఎడమ అర్ధగోళానికి రక్తమిచ్చే మధ్య మస్తిష్క ధమనిలోనే ఇది తరచుగా సంభవిస్తుంది. కొందరు శిశువులకు పుట్టిన రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావడంతో విషయం బయటపడుతుంది. మిగిలినవారు ఏ సూచనా లేకుండా ఇంటికి వెళ్లిపోతారు; నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఒక పిడికిలి ఎప్పుడూ బిగిసి ఉండడం, వస్తువుల కోసం ఒకే చెయ్యి చాచడం మొదలైనప్పుడు గాని తేడా తెలియదు. ఆరోగ్యంగా ఉన్న శిశువు ఏడాది నిండేలోపు ఒక చేతిని మాత్రమే ఎంచుకుని వాడదు. ఎడమ అర్ధగోళం దెబ్బతిన్న బిడ్డకు కుడిచెయ్యి బలహీనపడుతుంది కాబట్టి ఆ బిడ్డ ఎడమచేత్తోనే అన్నీ అందుకుంటుంది. ఇంట్లో దీనిని ఎడమచేతి వాటమనుకుని ఊరుకుంటారు, లేదా ఆ అలవాటు మాన్పించడానికి ప్రయత్నిస్తారు. ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు ఈ ఒక్క గుర్తు తెలిసి ఉండడం ఏ ఖరీదైన పరీక్షకన్నా ముందుగా పనికివస్తుంది.

నెల దాటిన తరువాత వచ్చే పక్షవాతానికి కారణాలు వేరు. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు, కీళ్లవాతపు జ్వరం వల్ల దెబ్బతిన్న గుండె కవాటాలు, క్షయ సంబంధమైన మెదడువాపు, మెదడులోని ధమనులు క్రమంగా ఇరుకైపోయే మోయమోయ వ్యాధి వీటిలో ముఖ్యమైనవి. ఆరు నెలల నుంచి రెండేళ్ల మధ్య పిల్లలు మంచం మీద నుంచో మెట్టు మీద నుంచో పడి తలకు చిన్న దెబ్బ తగిలిన కొద్ది సేపటికే ఒక పక్క పడిపోవడం భారతీయ వైద్యులు తరచుగా చూసే మరో రకం. మెదడు లోతుల్లోని సన్నని నాళాల గోడల్లో ఖనిజం పేరుకుని ఉండడం దీనికి మూలమని హైదరాబాదుకు చెందిన లోకేశ్ లింగప్ప బృందం 2014లో ప్రకటించిన పరిశోధనలో వివరించింది.

ఆదివాసీ ప్రాంతాలకు సంబంధించినంతవరకు సికిల్ సెల్ వ్యాధిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వంశపారంపర్యంగా వచ్చే ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని నాళాలను అడ్డగిస్తాయి. చికిత్స అందని రోజుల్లో అమెరికాలో దీర్ఘకాలం పరిశీలించిన రోగుల్లో సుమారు నూటికి పదకొండుగురు ఇరవై ఏళ్లలోపే పక్షవాతానికి గురయ్యారు. భారతదేశంలో కనిపించే సికిల్ సెల్ రకం సాధారణంగా కొంత తేలికైనదే అయినా ఇక్కడా పక్షవాతపు ముప్పు ఉంది. పైకి ఏ లక్షణమూ చూపకుండా మెదడులో చిన్న చిన్న మచ్చలుగా మిగిలి చదువును మాత్రం కుంటుపరిచే నిశ్శబ్ద గాయాల ప్రమాదమూ ఉంది. తలలోని ధమనుల్లో రక్తవేగాన్ని డాప్లర్ యంత్రంతో కొలిచి, వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు చేరిన పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే మొదటి పక్షవాతం నూటికి తొంభై పాళ్లకు పైగా తగ్గుతుందని 1998లో వెలువడిన స్టాప్ పరిశోధన నిరూపించింది. రక్తమార్పిడి కష్టమైన చోట హైడ్రాక్సీయూరియా మందు వాడుకలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న ప్రారంభించిన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం నలభై ఏళ్లలోపువారిలో ఏడు కోట్ల మందికి పరీక్షలు జరపడం లక్ష్యంగా పెట్టుకుంది. ఈ నివారణ కార్యక్రమం భాషాభివృద్ధి కార్యక్రమం కూడా అవుతుంది, ఎందుకంటే ఆపగలిగిన పక్షవాతం తరువాత నేర్పవలసిన మాట ఏదీ మిగలదు.

మెదడు, భాష, వయసు

మాటకు ఎడమ అర్ధగోళంతో ఉన్న సంబంధాన్ని ఫ్రెంచి వైద్యుడు పాల్ బ్రోకా 1860 దశకంలో స్థాపించాడు. పెద్దవారిలో ఆ భాగం దెబ్బతింటే అఫేసియా, అంటే మాట్లాడడంలో గాని అర్థం చేసుకోవడంలో గాని భాషాశక్తి చెదిరిపోవడం, తరచుగా కలుగుతుంది. పిల్లలు మాత్రం అదే గాయం నుంచి ఆశ్చర్యకరంగా కోలుకుంటారన్న పరిశీలన కూడా దాదాపు అంత పాతదే. 1930 దశకంలో మార్గరెట్ కెన్నార్డ్ కోతులపై జరిపిన ప్రయోగాలు, 1967లో ఎరిక్ లెనబర్గ్ రాసిన భాషా జీవశాస్త్ర గ్రంథం ఈ అభిప్రాయాన్ని బలపరిచాయి. పుట్టుకతో రెండు అర్ధగోళాలకూ భాషను మోసే శక్తి సమానంగా ఉంటుందని, యౌవనారంభం నాటికి అది ఎడమవైపు స్థిరపడుతుందని లెనబర్గ్ వాదించాడు. కుడివైపు గాయానికే మాట పోయిన పిల్లల వివరాలు పాత గ్రంథాల్లో ఎక్కువగా ఉండడం అతనికి ఆధారమైంది. 1978లో వుడ్స్, టాయిబర్ అనే పరిశోధకులు 65 మంది పిల్లలను పరిశీలించి, ఆ పాత కేసుల్లో అనేకం యాంటీబయాటిక్ మందులు రాకముందటి కాలానివని, అంటువ్యాధుల వల్ల మెదడు రెండువైపులా దెబ్బతిన్నవై ఉండవచ్చునని చూపారు. వారి లెక్కలో కుడివైపు గాయంతో మాట పోవడం పిల్లల్లోనూ అరుదే. మెదడు క్షయ ఇంకా కనిపించే ప్రాంతాల్లో ఈ హెచ్చరిక నేటికీ వర్తిస్తుంది. ఒక పక్క పడిపోయినంత మాత్రాన గాయం ఒక పక్కకే పరిమితమని అనుకోకూడదు. మెదడుకెక్కిన ఫాల్సిపారం మలేరియా పక్షవాతం కాకపోయినా కొందరు పిల్లల్లో భాషను ఇలాగే దెబ్బతీస్తుందని కెన్యా తీరంలోని కిలిఫీలో జరిగిన పరిశోధనలు తెలిపాయి. అక్కడి పరిశోధకులు పరీక్షలను స్థానిక కిగిరియామా భాషలోకి మలచుకుని జరిపారన్న సంగతి ఏజెన్సీ వైద్యసేవలకు ఉపయోగపడే ఉదాహరణ.

లెనబర్గ్ సిద్ధాంతం మొత్తం నిలవలేదు గాని అందులో ఒక ముఖ్యమైన సత్యం నిలిచింది. పుట్టుక సమయంలో ఎడమ అర్ధగోళంలో పెద్ద గాయమైనవారిని పెరిగిన తరువాత పరిశీలించి ఎలిస్సా న్యూపోర్ట్ బృందం 2022లో ప్రకటించిన అధ్యయనంలో, వారి భాష కుడి అర్ధగోళంలో సరిగ్గా ఎదుటి స్థానాలకు, అద్దంలో ప్రతిబింబంలాగా, మారిపోయి ఉందని, వాక్యాలను అర్థం చేసుకోవడంలో వారు తమ తోబుట్టువులతో దాదాపు సమానంగా ఉన్నారని తేలింది. ఈ మార్పు ఉచితంగా రాదు. భాషకు చోటిచ్చిన కుడి అర్ధగోళం తన సొంత పనుల్లో, ముఖ్యంగా దిక్కులను, ఆకారాలను పోల్చుకునే శక్తిలో, కొంత వెనుకబడవచ్చు. గాయం తరువాత ఫిట్స్ కొనసాగే పిల్లల్లో తెలివి, జ్ఞాపకం, భాష అన్నీ ఎక్కువగా నష్టపోతాయని వర్గా ఖదీమ్ బృందం 1992లో చూపింది. కాబట్టి ఫిట్స్ మందులు మధ్యలో ఆపకుండా వాడడం భాషాచికిత్సలో భాగంగానే చూడవలసిన విషయం. మాటలు వచ్చిన తరువాత, అంటే మూడేళ్లకో ఏడేళ్లకో, పక్షవాతం వచ్చిన పిల్లల కథ మరో తీరుగా నడుస్తుంది. మొదటి రోజుల్లో పూర్తిగా మౌనం, తరువాత విభక్తులు, క్రియాంతాలు రాలిపోయిన ముక్కల మాట, కొన్ని నెలల్లో పైకి మామూలుగా కనిపించే సంభాషణ, దాని వెనుక పదం వెంటనే తట్టకపోవడం, పొడవైన వాక్యాల్లో తడబాటు మిగిలిపోవడం ఇందులో సాధారణ క్రమం.

రెండు భాషలు అదనపు బరువా?

ఒక మెదడులో రెండు భాషలు ఒకదాని చోటును ఒకటి ఆక్రమిస్తాయన్న ఊహ ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో విద్యావేత్తలను కూడా పట్టి ఉంచింది. పేదరికాన్ని, చదువులోని వ్యత్యాసాన్ని లెక్కలోకి తీసుకోకుండా చేసిన పోలికలు దానికి మూలం. 1962లో మాంట్రియల్‌లో పీల్, లాంబర్ట్ అనే మనస్తత్వవేత్తలు అన్నివిధాలా సమానమైన పిల్లలను పోల్చగా రెండు భాషలవారే మెరుగ్గా కనిపించారు. ఒడిశాలోని కొంధు పిల్లల మీద అజిత్ మొహంతి జరిపిన అధ్యయనాల్లో కుయి, ఒడియా రెండూ తెలిసినవారు ఒడియా ఒక్కటే మిగిలినవారికన్నా భాషను గురించి ఆలోచించే శక్తిలో ముందున్నారు. సామాజిక పరిస్థితుల రీత్యా కొత్తగూడెం కోయలకు మాంట్రియల్‌కన్నా ఈ కొంధుల ఉదాహరణే దగ్గర.

ద్విభాషా శిశువుల తొలి మాటలు ఏకభాషా శిశువుల మాదిరే ఏడాది ప్రాంతంలో, రెండు మాటల కూర్పులు రెండేళ్ల ప్రాంతంలో వస్తాయి. ఏ ఒక్క భాషలో లెక్కపెట్టినా పదాలు తక్కువగా కనిపించవచ్చు గాని రెండిటినీ కలిపితే లోటు ఉండదు. ఒకే వాక్యంలో రెండు భాషలు కలపడం పెద్దలూ చేసే పనే. అది గందరగోళానికి గుర్తు కాదు. అయితే ఇవన్నీ ఆరోగ్యవంతులైన పిల్లలకు సంబంధించినవి, దెబ్బతిన్న మెదడుకు వర్తిస్తాయా అన్న సందేహం న్యాయమైనదే. దీనికి సమాధానం పక్కదారిలో ముందుగా దొరికింది. పుట్టుకతోనే భాషాలోపం ఉన్న ఫ్రెంచి, ఇంగ్లీషు ద్విభాషా పిల్లలను జొహాన్ పారడిస్ బృందం 2003లో పరిశీలించి, ఒక్కొక్క భాషలో వారి వ్యాకరణపు తప్పులు ఆ భాషలో అదే లోపం ఉన్న ఏకభాషా పిల్లల తప్పులను మించలేదని చూపింది. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల మీద 2005లో వచ్చిన కెనడా అధ్యయనమూ ఇదే దిశలో సాగింది. లోపం ఉన్నచోట అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. రెండో భాష వల్ల ఆ లోపం పెరగదు. పక్షవాతానికి గురైన పిల్లల్లోనే ఏకభాషులను, ద్విభాషులను నేరుగా పోల్చిన పరిశోధనలు తక్కువ, వాటిలో పాల్గొన్న పిల్లలూ తక్కువే కాబట్టి, ద్విభాషిత్వం మెదడును కాపాడే కవచమని ప్రచారం చేయడం కూడా తొందరపాటే అవుతుంది.

ఆ ప్రచారానికి తరచుగా ఆధారంగా చూపే పరిశోధన హైదరాబాదులోనే జరిగింది. సువర్ణ అల్లాడి నేతృత్వంలో నిజామ్స్ వైద్యవిజ్ఞాన సంస్థలో 2006 నుంచి 2013 వరకు నమోదైన 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ప్రకటించిన వ్యాసంలో, పక్షవాతం తరువాత జ్ఞాపకం, అవధానం వంటి శక్తులు చెక్కుచెదరకుండా ఉన్నవారు ద్విభాషుల్లో నూటికి 40.5 మంది కాగా ఏకభాషుల్లో 19.6 మంది అని తేలింది. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన నగరంలో, వలస వచ్చినవారు కాక తరతరాలుగా రెండు భాషలతో బతికినవారి మీద జరగడం ఈ అధ్యయనపు బలం. అందులోనే మరో ఫలితమూ ఉంది: అఫేసియా మాత్రం రెండు వర్గాల్లోనూ దాదాపు సమానంగా, నూటికి పది పన్నెండు మందిలో, కనిపించింది. భాషల మధ్య మారుతూ మాట్లాడే దీర్ఘకాలపు అలవాటు అవధానశక్తికి ఇచ్చే సాధన వల్ల ఈ తేడా వచ్చి ఉంటుందని పరిశోధకులు వివరించారు. ఆ రోగులు పెద్దవారు. గాయానికి ముందు దశాబ్దాల తరబడి ఆ సాధన చేసినవారు. నాలుగు నెలల వయసులో గాయపడిన బిడ్డకు అలాంటి నిల్వ ఏదీ ఉండదు కనుక ఆ అంకెలను పిల్లలకు అన్వయించడం సరికాదు.

పిల్లల విషయంలో నిర్ణాయకమైన ఆధారం మరోచోట ఉంది. మెరెడిత్ రో, సూసన్ లెవీన్, సూసన్ గోల్డిన్ మెడో తదితరులు పద్నాలుగు నెలల నుంచి నలభై ఆరు నెలల వయసు వరకు 80 మంది పిల్లల ఇళ్లలో మాటలను నమోదు చేసి 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆ పిల్లల్లో 27 మందికి పుట్టుక ముందో పుట్టుక సమయంలోనో మెదడులో ఒకవైపు గాయమైంది. పెద్దలు ఎంత మాట్లాడితే పిల్లల పదజాలం అంతగా పెరగడం రెండు వర్గాల్లోనూ ఒకేలా ఉంది. వాక్యనిర్మాణానికి వచ్చేసరికి మాత్రం గాయపడిన పిల్లలు ఇతరులకన్నా ఎక్కువగా పెద్దల మాట మీద ఆధారపడ్డారు. ఆరోగ్యవంతుడైన బిడ్డ కొద్దిపాటి మాటలు విన్నా వ్యాకరణాన్ని పట్టేస్తాడు. గాయపడిన బిడ్డకు అదే వ్యాకరణం పట్టుబడాలంటే పుష్కలమైన, సహజమైన, సంక్లిష్టమైన మాటలు వినాలి. అలాంటి మాట ఏ తల్లి నోటనైనా ఆమె సొంత భాషలోనే వస్తుంది. కోయలో కథ చెప్పగల, పొడుపుకథ వేయగల, గద్దించి లాలించగల తల్లిని తెలుగులోనే మాట్లాడమంటే ఆమె మాట ‘రా, తిను, కూర్చో’ అన్న నాలుగు ముక్కలకు కుదించుకుపోతుంది. బిడ్డకు అన్నిటికన్నా ఎక్కువగా కావలసిన మందును ఆ సలహా తగ్గించేస్తుంది. అమ్మమ్మ, తాత, ఇరుగుపొరుగు పిల్లలు అందరూ కోయలోనే మాట్లాడుకునే గూడెంలో ఆ బిడ్డ ఒంటరి కూడా అవుతుంది. ‘అయోమయం కలగకుండా ఒకే భాష మాట్లాడండి’ అన్న సలహా సదుద్దేశంతోనే వస్తున్నా దానిని మానుకోవాలి.

పరీక్ష

రెండు భాషల బిడ్డను ఒక భాషలో పరీక్షించి లోపం నిర్ణయించడం ఈ రంగంలో అతి సాధారణమైన దోషం. తెలుగులో ఏకవచనంలో స్త్రీని, జంతువును, వస్తువును ‘వచ్చింది’ అన్న ఒకే క్రియారూపంతో చెప్పి, బహువచనంలో స్త్రీలను పురుషులతో చేర్చి ‘వచ్చారు’ అంటారు. గోండి వర్గపు భాషల్లో బహువచనంలోనూ స్త్రీలు అమహద్వర్గంలోనే, అంటే జంతువులు, వస్తువులు చేరే వర్గంలోనే, ఉంటారు. అలాంటి భాష ఇంటిభాష అయిన బిడ్డ తెలుగులో ‘ఆడవాళ్లు వచ్చాయి’ అంటే అది మెదడు గాయపు ఫలితం కాకపోవచ్చు. ఇంటిభాష వ్యాకరణాన్ని తెలుగులోకి మోసుకొచ్చిన సహజమైన తప్పు కావచ్చు. ఇందుకు ఎదురుగా, రెండు భాషల్లోనూ క్రియాంతాలు రాలిపోతూ ఉంటే, రెండిటిలోనూ తెలిసిన పదం నోటికి రాకపోతూ ఉంటే, దానిని నిజమైన లోపంగా అనుమానించాలి. మాంట్రియల్‌కు చెందిన మిషెల్ పారడిస్ 1980 దశకంలో రూపొందించిన ద్విభాషా అఫేసియా పరీక్ష వెనుక ఉన్న సూత్రం ఇదే: ప్రతి భాషనూ దాని సొంత ప్రమాణంతో కొలవాలి, ఒకదాని పరీక్షను మరొక దానిలోకి అనువదిస్తే సరిపోదు.

ప్రామాణిక పరీక్షలు లేని కోయ, లంబాడీ వంటి భాషల్లో కొన్ని మార్గాలు ఆచరణలో ఉపయోగపడతాయి. బిడ్డ ఎప్పటి నుంచి ఏ భాష ఎవరి నోట వింటోంది, గాయానికి ముందు ఏ భాషలో ఎంతవరకు మాట్లాడేది అన్న చరిత్రను ఇంటివారి నుంచి వివరంగా తీసుకోవడం మొదటిది. అదే గూడెంలో అదే ఈడు పిల్లలతో, వీలైతే సొంత అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో పోల్చడం మరొకటి. తెలియని పదాన్ని కొంతసేపు నేర్పి, తరువాత మళ్లీ అడిగి, బిడ్డ ఎంత త్వరగా పట్టుకుంటోందో గమనించే పద్ధతి, ఇప్పటికే ఏమి వచ్చునన్న దానికన్నా నేర్చుకునే శక్తిని చూపుతుంది కనుక భాష తక్కువగా విన్న పిల్లలకు అన్యాయం చేయదు. మాటలు రాని దశలో సైగలు గొప్ప సూచన ఇస్తాయి. పద్దెనిమిది నెలల వయసులో రకరకాల అర్థాలను సైగలతో తెలిపే గాయపడిన పిల్లల పదజాలం తరువాత వయసుకు తగినట్టు పెరిగిందని, సైగలు తక్కువగా ఉన్నవారు వెనుకబడ్డారని 2010లో సావర్, లెవీన్, గోల్డిన్ మెడో చూపారు. వేలు చూపడం, చెయ్యి ఊపి పిలవడం, తల అడ్డంగా ఊపడం గమనించడానికి పరీక్షించేవారికి కోయ రానవసరం లేదు. సైగ చేసే చెయ్యి పక్షవాతపు చెయ్యి కాకుండా చూసుకుంటే చాలు.

చికిత్స, సేవలు, బడి

భాషాచికిత్స బిడ్డ ఇంటిభాషలో మొదలై బడిభాషకు విస్తరించడం ఉత్తమం. ఒక భాషలో సాధించిన ప్రగతి, ముఖ్యంగా అర్థాలకు, కథనక్రమానికి సంబంధించినది, కొంతవరకు మరో భాషకు దాటుతుంది. ఉచ్చారణ, క్రియాంతాల వంటివి ఏ భాషకు ఆ భాషలోనే నేర్పవలసి ఉంటుంది. చికిత్సకుడికి కోయ రాకపోవడం జిల్లాలో నియమంలాంటిదే కనుక తల్లికి గాని, కోయ తెలిసిన అంగన్‌వాడీ కార్యకర్తకు గాని పద్ధతులు నేర్పి ఇంట్లో చేయించడమే ఆచరణయోగ్యం. బిడ్డ చూపిన వస్తువు పేరు చెప్పడం, బిడ్డ అన్న రెండు మాటలను పూర్తి వాక్యంగా పెంచి తిరిగి అనడం, జవాబు కోసం ఆగడం వంటివి నేర్చుకోవడానికి అక్షరాస్యత అవసరం లేదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల వరకు పిల్లలను పరీక్షించి జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలకు పంపే ఏర్పాటు ఉంది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రాలు మండల స్థాయిలో ఉన్నాయి. 2022లో కొత్తగూడెంలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. పైస్థాయి సేవలకు మాత్రం కుటుంబాలు వరంగల్‌కో, దాదాపు 280 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాదుకో వెళ్లక తప్పదు. గోదావరి అవతల పూర్వం ఇదే ఖమ్మం జిల్లాలో ఉండి 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిన చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాల కోయ కుటుంబాలకు చికిత్స, ధ్రువపత్రాలు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోవడం అదనపు కష్టం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన ఇరవై ఒక్క వైకల్యాల్లో అఫేసియా వంటి కారణాల వల్ల కలిగే వాగ్భాషా వైకల్యం, సికిల్ సెల్ వ్యాధి రెండూ వేర్వేరుగా ఉన్నాయి. చేతి బలహీనతకు మాత్రమే ధ్రువపత్రం తీసుకుని భాషాలోపాన్ని నమోదు చేయించని కుటుంబాలకు ఈ సంగతి తెలియజేయాలి.

బడి విషయంలో ఒక పాత ప్రయత్నాన్ని గుర్తుచేసుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం కింద కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారై, మాతృభాషలో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి నడిపించే పద్ధతి అమలైంది. విద్యాహక్కు చట్టం కూడా వీలైనంతవరకు మాతృభాషలో బోధన జరగాలంటుంది. పక్షవాతానికి గురైన బిడ్డకు ఇలాంటి వంతెన మిగతావారికన్నా ఎక్కువ అవసరం. కోయ లేదా లంబాడీ ఇంటి బిడ్డను మెదడు గాయం తరువాత దూరపు ఆశ్రమ పాఠశాలలో చేర్చవలసి వచ్చినప్పుడు ఇంటిభాష వినే అవకాశం ఒక్కసారిగా తెగిపోతుంది కాబట్టి, కనీసం మొదటి కొన్నేళ్లు ఇంటికి దగ్గరి బడినే ఎంచుకోవడం మంచిది.

ఈ పిల్లలను రెండు మూడేళ్లు చూసి ‘మాట వచ్చేసింది’ అని వదిలేయడం మరో పొరపాటు. ఐదేళ్ల వయసులో తోటివారితో సమానంగా మాట్లాడే బిడ్డకు, మూడో తరగతి దాటాక పాఠాన్ని సొంతమాటల్లో చెప్పడం, కథలో కారణకార్యాలను కలపడం, సంయుక్త వాక్యాలు రాయడం మొదలైనప్పుడు కొత్తగా ఇబ్బందులు కనిపించవచ్చు. తెలుగు లిపిలో గుణింతాలు, ఒత్తులు అక్షరానికి పైనా కిందా పక్కనా చేరుతాయి కాబట్టి వాటిని గుర్తించడంలో ఆకారాలను పోల్చుకునే శక్తికి గట్టి పని పడుతుంది. భాష కుడి అర్ధగోళానికి మారిన పిల్లల్లో ఆ శక్తే కొంత వెనుకబడి ఉండవచ్చు, మరికొందరికి పక్షవాతం వల్ల చూపులో ఒక సగం కనిపించదు. పేజీలో ఒక వైపు పదాలు వదిలేసి చదివే బిడ్డను నిర్లక్ష్యపరుడిగా లెక్కకట్టే ముందు కంటి వైద్యుడి చేత దృష్టిక్షేత్రాన్ని పరీక్షించడం, పుస్తకాన్ని చూపు ఉన్న వైపుకు జరపడం, పెద్ద అక్షరాల పాఠ్యాంశం ఇవ్వడం, పరీక్షల్లో అదనపు సమయం కోరడం ఉపాధ్యాయులు చేయగలిగినవే. ఆలస్యంగా బయటపడే ఇలాంటి ఇబ్బందులను గుర్తించడానికి బిడ్డ రెండు భాషల ప్రగతినీ ఏటా ఒకసారి వేర్వేరుగా నమోదు చేసే పద్ధతి ప్రాథమిక విద్య ముగిసి హైస్కూలుకు వెళ్లే వరకు కొనసాగాలి.